ముప్పావు గంట ముందున్న మీటరు

అది మంగళవారం. సాయంత్రం సరిగ్గా అయిదు గంటల పదిహేను నిమిషాలు. కృష్ణానగర్‌లో ఒక మేడ ఇంటి మెట్ల కింద, కరెంటు మీటరు ముందు నిలబడి ఉన్నాం. నా చేతి గడియారం అయిదుంబావు అంటోంది. మా అసిస్టెంట్ ఇంజనీరు మేడం ఫోను కూడా అదే అంటోంది. మీటరు మాత్రం ఆరు అంటోంది. బిల్లులోకి ఎక్కేది మీటరు మాటే. అంటే ఆ సందులో రెండు నెలలుగా అయిదుంబావుకే ఆరు అవుతోందన్నమాట.

ఆ ముప్పావు గంట ఎక్కడి నుంచి వచ్చిందో పుట్టుపూర్వోత్తరాలతో సహా తెలిసినవాడిని నేనొక్కడినే. ఎందుకంటే దాన్ని పుట్టించింది నేనే. అప్పటికి నా రిటైర్మెంటు ఇంకా పంతొమ్మిది రోజులు ఉంది.

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు చదువుతారని ఇది రాస్తున్నాను. పాతవాళ్లు చదివితే నవ్వుతారు. నవ్వనివ్వండి, వాళ్లకూ ఇందులో వాటా ఉంది.

నేను లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను గానీ చేరింది గుంతలు తవ్వే కూలీగా. స్తంభం పాతడానికి అక్షరాలు అక్కర్లేదు. అంకెలు మీటర్ల మీద చూసి నేర్చుకున్నాను. అక్షరాలు ముప్పై ఎనిమిదో ఏట వచ్చాయి. జూబ్లీహిల్స్ బండల పక్కన ఉన్న మా సబ్‌స్టేషన్‌లో అప్పుడొక షిఫ్టు ఆపరేటరు ఉండేవాడు. కోస్తా మనిషి, నెమ్మదస్తుడు. ఆయన డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి అయిపోయేది. తర్వాతి షిఫ్టుకు రావలసినవాడు రోజూ ముప్పావు గంట ఆలస్యంగా వచ్చేవాడు. సబ్‌స్టేషన్‌ను ఖాళీగా వదలకూడదు. కదలడానికి వీల్లేని ఆ ముప్పావు గంటలో ఆయన నాకు చదువు చెప్పాడు.

వాచకం లేదు. లాగ్‌బుక్కే నా వాచకం. కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది, ఎవరు లైను ఎక్కారు, అన్నీ టైముతో సహా రాసే పుస్తకం అది. నేను మొట్టమొదట కూడబలుక్కుని చదివిన వాక్యం, 'ఫీడరు ట్రిప్పయినది, కారణం తెలియదు.' అంటే లైను దానంతటదే ఆగిపోయింది, ఎందుకో తెలియదు అని. తర్వాత జీవితంలో చాలా చోట్ల ఆ వాక్యం పనికొచ్చింది.

ఆయన నాకు చదువు చెబుతూ ఆకలితో కూర్చోవడం చూడలేక ఒక రోజు నేను స్టూలెక్కి గోడ గడియారాన్ని నలభై అయిదు నిమిషాలు ముందుకు తిప్పాను. ఆ ఆలస్యం మనిషికి చేతి గడియారం లేదు. సెల్‌ఫోన్లు ఇంకా మా చేతుల దాకా రాలేదు. డ్యూటీకి రాగానే గోడకేసి చూసి, "జర లేటయింది" అనడం అతని అలవాటు. ఆ రోజు చూసేసరికి గడియారం మూడున్నర చూపిస్తోంది. గబగబా సంతకం పెట్టి కూర్చున్నాడు. వారం తిరిగేసరికి సరిగ్గా టైముకు రావడం మొదలుపెట్టాడు.

మా ఆపరేటరు రెండో రోజే కనిపెట్టాడు.

"ఏమయ్యా, గోడ మీద గడియారం పరిగెడుతోందేంటి?"

"నేనే తిప్పిన సార్."

ఆయన లాగ్‌బుక్కు నా ముందుకు జరిపాడు. "గోడ మీద ఏదైనా పెట్టుకో. పుస్తకంలో మాత్రం అసలు టైమే రాయాలి. తీసేసి రాయి" అన్నాడు.

అలా మా సబ్‌స్టేషన్‌కు రెండు టైములు వచ్చాయి. గోడ టైము, పుస్తకం టైము. కొత్తగా ఎవరు బదిలీ మీద వచ్చినా మొదటి రోజు నీళ్ల కుండ ఎక్కడుందో చెప్పాక ఈ ముక్క చెప్పేవాళ్లం. నలభై అయిదు తీసేసి రాయడం అందరి చేతికీ అలవాటైపోయింది. ఆ ఆలస్యం మనిషి బదిలీ అయ్యాడు. మా ఆపరేటరు రిటైరయ్యాడు, తర్వాత పోయాడు. గడియారం రెండుసార్లు మారింది. బ్యాటరీ మార్చిన ప్రతివాడూ ఎంతో జాగ్రత్తగా, నలభై అయిదు నిమిషాలు ముందుకు పెట్టి మళ్లీ మేకుకు తగిలించాడు. ఎందుకని ఒక్కడూ అడగలేదు. ఇరవై చిల్లర ఏళ్లు. ఆచారాలు ఇలాగే పుడతాయని నా అనుమానం.

ఇక అసలు సంగతికి వస్తాను. నా సర్వీసు చివరి ఏడాదిలో మా సెక్షన్‌కు ఒక కొత్త పథకం వచ్చింది. ఇళ్ల కరెంటుకు టైమును బట్టి రేటు. పగలు తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు చవక, ఎండకు సోలారు కరెంటు దండిగా వస్తుంది కాబట్టి. ఆరు నుంచి పది వరకు ఖరీదు, ఊరంతా ఒకేసారి స్విచ్చులు వేస్తుంది కాబట్టి. మిగతా టైము మామూలు. దీనికోసం పాత మీటర్లు తీసి, లోపల గడియారం ఉన్న కొత్త మీటర్లు పెట్టారు. ముందు ప్రయోగంగా ఫిల్మ్ నగర్‌లో కొన్ని వీధులు, కృష్ణానగర్‌లో కొన్ని సందులు ఎంచుకున్నారు. ఇంటింటికీ తిరిగి జనానికి చెప్పే పని నాకు పడింది. బియ్యానికి పొద్దున ఒక రేటు, సాయంత్రం ఒక రేటు ఉంటుందా అని ఎవరైనా అడిగితే, రైతు బజారులో టమాటాకు ఉండదా అని చెప్పాలని మాకు ఒక పూట శిక్షణ ఇచ్చారు. భోజనం బాగా పెట్టారు.

ఫిల్మ్ నగర్‌లో ఒక బంగళాకు వెళ్లాను. ఈత కొలను మోటారు ఒకటి, సినిమా చూసే గది ఒకటి, లెక్కపెట్టలేనన్ని ఏసీలు. మేనేజరు బయటికి వచ్చాడు. మోటారు పగటిపూట వేసుకుంటే చవక అని చెప్పాను.

"మా సార్ ఇంట్లో చవక అనే మాట వాడమండీ" అన్నాడు మర్యాదగానే. "ఆ కాగితం సెక్యూరిటీకి ఇచ్చి వెళ్లండి."

ఇచ్చాను. సెక్యూరిటీ అతని గదిలో ఒక బల్బు, ఒక ఫ్యాను ఉన్నాయి. అతను ఆ కాగితాన్ని రెండు వైపులా పూర్తిగా చదివాడు. నేను తిరిగిన ఫిల్మ్ నగర్ మొత్తంలో చివరి దాకా చదివింది అతనొక్కడే.

కృష్ణానగర్‌లో కథ వేరు. అక్కడ గదికి నలుగురు. డాన్సర్లు, లైట్లు మోసేవాళ్లు, రేపో మాపో హీరో అయ్యేవాళ్లు. వాళ్లు తెల్లవారకముందే షూటింగుకు పోతారు, చీకటిపడ్డాక వస్తారు. చవక టైములో ఇంట్లో ఉండేది వాళ్ల చెప్పులు మాత్రమే. నేను చెప్పింది విని, "మంచిదే సారూ, చవక ఉన్నప్పుడు మేముండం" అని నవ్వి పంపేవాళ్లు.

ఒక్క మనిషి మాత్రం నన్ను నిలబెట్టి అడిగింది. సినిమా బట్టలు ఇస్త్రీ చేసే ఆమె. నలభై దాటి ఉంటాయి. మేడ ఇంట్లో కింది గది కిరాయికి ఉంటోంది. పైన ఇంటి ఓనరమ్మ. ఇంటికంతటికీ ఒకటే మీటరు, బిల్లు ఇద్దరికీ సగం సగం. కాస్ట్యూమ్ వ్యాను సాయంత్రం బట్టలు దింపుతుంది, రాత్రి పట్టుకుపోతుంది. అంటే ఆమె పని మొత్తం సరిగ్గా ఖరీదు టైములో పడుతోంది.

"ఏంది కాకా, ఇస్త్రీకి గూడ ముహూర్తం పెడుతున్నరా?"

"ఆరు లోపల చేస్కో చెల్లె. మంచిగుంటది."

"ఆరంటే ఆరేనా? ఆరుకు రెండు నిమిషాలు తక్కువుంటే?"

"చవకే."

"రేపు ఇంకో మాట చెప్పవు గద. మాట మీద నిలబడ్తవా?"

"నేనెందుకు నిలబడుడు. మీటరు నిలబడ్తది" అన్నాను.

ఆమె ఊరికే వినలేదు. కాస్ట్యూమ్ అసిస్టెంటుతో నాలుగు రోజులు పోట్లాడి, బట్టలు మూడింటికల్లా దింపేటట్టు ఒప్పించుకుంది. మూడు నుంచి ఆరు వరకు ఇస్త్రీ. ఆరు తర్వాత పెట్టె ముట్టనని ఓనరమ్మకు మాటిచ్చింది. ఓనరమ్మ కూడా పదింటి దాకా ఏసీ వేయనని ఒట్టు పెట్టుకుంది. నా ప్రచారానికి ఒక ఇల్లు మొత్తం మారింది. ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నాను.

రెండో నెల బిల్లు వచ్చాక ఓనరమ్మ నాకు ఫోన్ చేసి పిలిపించింది. వెళ్లేసరికి ఇద్దరూ మెట్ల దగ్గరే ఉన్నారు.

"చూడు సారూ, పోయిన నెలనే అనుమానమొచ్చింది, ఊకున్న. ఈ నెల గూడ ఖరీదు గడి గట్లనే నిండింది" అంది ఓనరమ్మ, బిల్లు నా మొహం ముందు పెట్టి. "నేను పదింటి దాక చెమటలు కక్కుకుంట కూసుంటున్న. మరి గీ కరెంటు ఎవలు తాగిన్రు?"

"నేనైతే ఆరుకు ఆపుతున్న ఓనరమ్మా. పైన నీ సీరియల్ పాట మొదలైతే కింద నా పెట్టె బంద్" అంది ఇస్త్రీ ఆమె.

"పాటకు పెట్టె బంద్ చేస్తవో, పాట వినుకుంట చేస్తవో నేను దిగొచ్చి చూసిన్నా?"

ఇద్దరూ నా వైపు చూశారు. అప్పుడు నేనొక మాట అన్నాను. నలభై ఏళ్ల సర్వీసులో అంతకంటే చెడ్డ మాట నేను అనలేదు. లైన్ల మీద ఉన్నప్పుడు అన్న బూతులన్నీ దీని ముందు దండకాలే.

"మీటరు అబద్ధమాడదు చెల్లె" అన్నాను.

"ఇన్నవా? డిపార్ట్‌మెంటాయనే అంటుండు" అంది ఓనరమ్మ. "నెలాఖరుకు రూం ఖాళీ చెయ్యి. కరెంటు సంగతి పక్కన పెట్టు. మాట తప్పెటోళ్లు నా ఇంట్లొద్దు."

ఇస్త్రీ ఆమె నాతో ఒకటే అంది, అదీ గట్టిగా కాదు. "నువ్వు చెప్పిన టైముకే ఆపిన కాకా."

బయటివాళ్లకు ఇది గది గొడవలాగా కనిపిస్తుంది. కృష్ణానగర్‌లో గదికేం కొదవ అనుకుంటారు. ఇస్త్రీ పనికి కింది గదే కావాలి. పెద్ద బల్ల పట్టాలి, రాజుల అంగరఖాలు, దయ్యాల తెల్ల చీరలు నేలకు తగలకుండా వేలాడదీసే చోటుండాలి, గేటు దాకా వ్యాను రావాలి. అలాంటి గది ఆ సందుల్లో దొరకడం కష్టం. పైగా కరెంటు దగ్గర మాట తప్పిందన్న పేరు ఒకసారి పడితే, ఇస్త్రీ పెట్టె చేతిలో ఉన్న మనిషికి ఏ ఓనరూ తలుపు తీయడు. గది పోతే ఆమె పనే పోతుంది.

నేను సెక్షన్ ఆఫీసుకు వెళ్లి మీటర్ల టెక్నీషియన్‌ను పట్టుకున్నాను. మీటర్లు పెట్టే కంపెనీ తరఫున వచ్చినవాడు, పెళ్లయి ఒక బిడ్డ తండ్రి, గుంటూరు వైపు మనిషి. కొత్త మీటరు పావుగంటకోసారి ఎంత వాడారో రాసుకుంటుంది. ఆ ఇంటి చిట్టా తీసిమ్మన్నాను. నాలుగు కాగితాలు చేతికిచ్చాడు.

నేను వేలు పెట్టి చదువుతాను. ఆలస్యంగా నేర్చుకున్నవాడికి కళ్లు వేలు వెనకే నడుస్తాయి. ఇస్త్రీ పెట్టె పెద్ద లోడు, వేసినప్పుడూ ఆపినప్పుడూ అంకె ఎక్కడం దిగడం గుడ్డివాడికైనా తెలుస్తుంది. మొదటి రోజు ఆగింది ఆరూ నలభై అయిదుకు. రెండో రోజు ఆరూ నలభై అయిదుకు. దొరికింది అనుకున్నాను. మూడో రోజూ అంతే. పని మొదలైన టైము చూశాను. మూడూ నలభై అయిదు.

ఆమె చెప్పింది మూడు, ఆరు. మీటరు రాసింది మూడూ నలభై అయిదు, ఆరూ నలభై అయిదు.

నా వేలు అక్కడే ఆగిపోయింది. నలభై అయిదు. ఇరవై చిల్లర ఏళ్లు రోజూ నా చేత్తో తీసేసిన అంకె.

"ఆ సందుల మీటర్లకు టైము ఏడికెంచి పెట్టినవ్?" అని అడిగాను.

"మిగతా మీటర్లకు సిగ్నల్ మీద టైము దానంతటదే వస్తుంది బాబాయ్. ఆ సందులో మెట్ల కింద సిగ్నల్ అందదు కదా. చేతి మిషనుతో పెట్టాను."

"చేతి మిషన్ల టైము ఎట్ల పెట్టినవ్?"

"దాని బ్యాటరీ పూర్తిగా పడిపోయి టైము ఎగిరిపోయింది. మీ సబ్‌స్టేషన్‌లోనే చార్జింగ్ పెట్టుకున్నాను. టైమెంత బాబాయ్ అని మిమ్మల్నే అడిగాను. మీరు గడ్డంతో గోడ చూపించారు."

గుర్తొచ్చింది. నోట్లో ముద్ద ఉంది ఆ టైముకు.

"నీ తాన ఫోన్ లేదా?"

"ఫోనుంది. సబ్‌స్టేషన్ గడియారం కదా, ఫోను కంటే కరెక్టుగా ఉంటుంది అనుకున్నాను."

ఆ ఆలస్యం మనిషి తర్వాత ఇన్నేళ్లలో ఆ గడియారాన్ని నమ్మినవాడు అతనొక్కడే.

ఇక ఈ తప్పు ఎవరికి తగిలిందో వినండి. మీటరు ముప్పావు గంట ముందుంది కాబట్టి ఖరీదు టైము అయిదుంబావుకే మొదలవుతుంది, తొమ్మిదింబావుకే అయిపోతుంది. ఆరు వరకు చవక అని నమ్మి ఆరు దాకా పనిచేసిన మనిషికి రోజూ ముప్పావు గంట దెబ్బ. చెప్పిన మాట చెవిన పెట్టకుండా తొమ్మిది దాటగానే ఏసీ వేసుకున్నవాడికి లాభం. ఎదురింటాయన అలాంటివాడే. "మీ స్కీము మస్తుంది" అని అంతకు ముందు వారమే నాకు చాయ్ తాగించాడు. నేను తాగాను.

మేడం దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పాను. మా ఏఈ మేడం వయసు నా సర్వీసంత లేదు. తెలివైన మనిషి. విని, తలుపు దగ్గరకు వేసి వచ్చింది.

"ఎన్ని మీటర్లు సార్?"

"ఆ సందు మొత్తం మేడం. ఇరవై పైన ఉంటయి."

"ఓకే. టెక్నీషియన్ రొటీన్ చెక్ అని వెళ్లి టైము సెట్ చేసేస్తాడు. నెక్స్ట్ బిల్ నుంచి కరెక్ట్‌గా వస్తుంది. పాత తేడా అడ్జస్ట్‌మెంట్‌లో పెట్టేద్దాం. రిటైర్మెంట్ ముందు మీకెందుకు సార్ ఇదంతా? ఈ పైలట్ స్కీము బాగా నడుస్తోందన్న రిపోర్టు మీద నా సంతకం కూడా ఉంది."

నేను సరే అన్నాను. దాచిపెట్టడం ఎందుకు, హాయిగానే అన్నాను. ఆ రాత్రి నిద్ర కూడా బాగానే పట్టింది. నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది గానీ, పట్టింది.

మర్నాడు పొద్దున యూసుఫ్‌గూడ నుంచి ఆఫీసుకు ఆ సందులోంచే వచ్చాను. ఓనరమ్మ గేటుకు అట్ట బోర్డు వేలాడుతోంది. టు లెట్, కింది పోర్షన్, ఫ్యామిలీస్ ఓన్లీ. ముప్పై ఎనిమిదేళ్ల వరకు నేను అలాంటి బోర్డుల ముందు నుంచి ఏ బాధా లేకుండా నడిచిపోయినవాణ్ణి. చదువు రాకపోతే బాగుండు అనిపించింది ఆ ఒక్కసారే.

మళ్లీ మేడం దగ్గరికి వెళ్లాను.

"మేడం, మీరు చెప్పినట్టు చేస్తే గడియారం సరైతది. ఆమె మాట సరిగాదు. ఆమె అబద్ధం చెప్పిందని మిగిలిపోతది."

"ఏం చేద్దామంటారు?"

"టైము మార్చకముందు ఓనరమ్మను నిలబెట్టి చూపెడదాం. తప్పు నాదని నేనే చెప్త."

మేడం చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి తీసి పెట్టింది. "రాతపూర్వకంగా కూడా ఇవ్వాలి సార్. నోటి మాట నేను ఫైల్లో పెట్టలేను."

"రాసిస్త."

"మెమో వస్తుంది."

"రానీయుండ్రి. ఇప్పుడు చదువస్తది గద, చదువుకుంట."

ఆమెకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "మంగళవారం సాయంత్రం వస్తాను. ఆవిడ ఇస్త్రీ చేస్తున్న టైములోనే చూద్దాం" అంది.

అలా మంగళవారం అయిదుంబావుకు మెట్ల కింద చేరాం. గది తలుపు తెరిచే ఉంది. ఇస్త్రీ ఆమె మమ్మల్ని చూసి పెట్టెను నిలబెట్టి వచ్చింది. ఓనరమ్మ పై నుంచి దిగి, కింది మెట్టు మీదే ఆగింది. టెక్నీషియన్ మీటరు బటన్ నొక్కాడు. తెర మీద అంకెలు ఒకటి తర్వాత ఒకటి తిరిగాయి. చివరికి టైము వచ్చింది.

"ఎంతుంది చదువుండ్రి" అన్నాను ఓనరమ్మతో.

"పద్దెనిమిది. సున్న సున్న." ఆమె లెక్క వేసుకుంది. "ఆరు. చూసిన్రా, ఆరైంది, పెట్టె ఇంక వేడిగనే ఉంది. మీ అందరి ముంగట దొరికింది."

మేడం ఫోను ముందుకు చాపింది. "మా ఫోన్లలో అయిదుంబావు అండీ."

"ఫోన్లకేముంది, ఎవలిష్టమొచ్చినట్టు వాళ్లు పెట్టుకుంటరు. గవర్నమెంటు మీటరు ఆరంటే ఆరే. మొన్న మీ సారే అన్నడు, మీటరు అబద్ధమాడదని."

నా మాట నాకే తిరిగొచ్చింది. మేడం ఫోను వెనక్కి తీసుకుంది. అప్పుడు ఇస్త్రీ ఆమె, చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, ఏమీ పట్టనట్టు అడిగింది.

"ఓనరమ్మా, మరి నీ సీరియల్ మొదలైందా?"

"ఇంకేడ? వంటల ప్రోగ్రామే అయిపోలే. దానెనక ఇంకో సీరియలుంది, అది అయినంక గద నాది..."

ఓనరమ్మ అక్కడ ఆగింది. పై నుంచి టీవీలో ఎవరో వంకాయలు నూనెలో వేస్తున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. ఆమె పైకి చూసింది, మీటరును చూసింది, మళ్లీ పైకి చూసింది. సర్కారు మీటరును ఒప్పుకోవాలా, తన సీరియల్‌ను ఒప్పుకోవాలా అన్న చిక్కులో ఎక్కువసేపు పడలేదు. సీరియల్ ఏనాడూ ఆలస్యం కాలేదు.

"గీ మీటరు ముందు ఉరుకుతుందా ఏంది?"

"ఉరుకుతుంది" అన్నాను. "నలభై అయిదు నిమిషాలు. దాన్ని ఉరికిచ్చింది నేనే." సబ్‌స్టేషన్ గడియారం సంగతి మొత్తం చెప్పాను. స్టూలెక్కడం దగ్గర నుంచి నోట్లో ముద్ద దాకా. టెక్నీషియన్ మధ్యలో, "ఫోను చూసుకోవాల్సింది నేనేనండీ" అన్నాడు. నువ్వుండు అన్నాను. "ఈమె చెప్పిన టైముకే ఆపింది. అబద్ధమాడింది మా మీటరు. ఆడదని చెప్పింది నేను."

పైన వంకాయలు వేగుతున్నాయి.

"ఇరవై ఏండ్ల సంది ఒక్కరు గూడ గడియారం సక్కగ పెట్టలేదా?" అని అడిగింది ఓనరమ్మ. ఆ ప్రశ్న మా డిపార్ట్‌మెంటును అడిగిన మొదటి మనిషి ఆమే.

తర్వాత జరిగింది కొంచెమే. టెక్నీషియన్ ఆ సందు మీటర్లన్నీ సరిచేశాడు. రెండు నెలల తేడా తర్వాతి బిల్లులో సర్దారు. ఎదురింటాయన స్కీము పాడైపోయిందని ఫిర్యాదు పెట్టాడు. నాకు మెమో వచ్చింది. సంజాయిషీ నా చేత్తోనే రాశాను, ఒకటిన్నర పేజీ. అంతకు ముందు నేను రాసినవన్నీ లాగ్‌బుక్కు వాక్యాలే, అందుకని మొదటి వాక్యం అలవాటు కొద్దీ అలాగే వచ్చింది. 'మీటరు టైము తప్పినది, కారణం నేను.' మేడం చదివి, దిద్దాల్సింది ఏమీ లేదంది. పెన్షను ఆగలేదు. హెచ్చరికతో వదిలేశారు. పంతొమ్మిది రోజులు కూడా మిగలని మనిషిని హెచ్చరించి ఏం చేస్తారో నాకు తెలియదు, వాళ్లకూ తెలిసినట్టు లేదు.

సబ్‌స్టేషన్‌లో గడియారాన్ని నేనే స్టూలెక్కి వెనక్కి తిప్పాను. ఈసారి మోకాళ్లు నొచ్చాయి. ఆ వారమంతా లాగ్‌బుక్కు అధ్వాన్నంగా తయారైంది. గడియారం సరైంది గానీ చేతులు సరికాలేదు. గోడ చూసి నలభై అయిదు తీసేయడం ఎవరూ మానలేకపోయారు. ఒక ఫీడరు ట్రిప్పయితే, అది కావడానికి ముప్పావు గంట ముందే అయినట్టు పుస్తకంలో ఉంది. మా పాత ఆపరేటరు బతికుంటే ఆ పేజీ చూసి నాకేమని చెప్పేవాడో ఊహించగలను.

మీకు చెప్పొచ్చేదేమిటంటే, టైముకు రేటు కట్టే ముందు గడియారం ఎవరి చేతిలో ఉందో చూసుకోండి. జనాన్ని నమ్మకపోయినా పర్లేదు, ముందు మీ గోడను అనుమానించండి. ఇంతకంటే నీతి నా దగ్గర లేదు.

ఆ మంగళవారం మెట్ల కింద ఎవరెవరు ఉన్నారో కూడా రాసి పెడతాను. లాగ్‌బుక్కులో చివర అది రాయడం పద్ధతి. పేర్లు రాయను, వాళ్లు ఇంకా ఉద్యోగాల్లోనూ ఇళ్లల్లోనూ ఉన్నారు.

తన సంతకం ఉన్న రిపోర్టును తానే తప్పని రాయడానికి సిద్ధపడి వచ్చిన ఏఈ మేడం. గోడ గడియారాన్ని నమ్మిన టెక్నీషియన్. క్షమించమని అనకుండా, "వాన పడితే అట్ట ఖరాబైతది" అంటూ గేటుకున్న టు లెట్ బోర్డు విప్పి చంకలో పెట్టుకుని మెట్లెక్కిన ఓనరమ్మ. నేను.

ఇస్త్రీ ఆమెను కూడా రాయాలి గానీ, అప్పటికి ఆమె మా మధ్య లేదు. "జరగుండ్రి, ఆరుకు ఇంక అరగంటుంది" అని లోపలికి పోయి, పెట్టె అందుకుంది.